అవును, గురువారాలు వెళ్తున్నాను

పిలిచేవరకు ఇక్కడ కూర్చోమన్నారు, కూర్చున్నాను. మీటింగ్ రూము తలుపు మూసి ఉంది. లోపల ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, కంపెనీ లాయరు, హెచ్‌ఆర్ మేనేజరు ప్రసాద్. విచారణ జరుగుతోంది, ఇప్పుడు మా షిఫ్టు ఇన్‌ఛార్జి చెబుతున్నాడు, అతని తర్వాత నేను. నా వీపు వెనక గోడ, గోడ అవతల మా ప్రెస్ షాపు. ధడ్. అదిగో, ఇనుప రేకును అచ్చు కరిచిన చప్పుడు. బెంగళూరు పక్కన ఈ జిగణిలో ఈ చప్పుడు లేని వీధి లేదు. ఏళ్ల తరబడి దీని మధ్యలోనే నిలబడ్డాను, దీని మధ్యలోనే నవ్వుకున్నాను, కూతురు కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల దాకా దీని పక్కనే పనిచేశాను, ఒక్కనాడూ ఇది నా చెవిన పడలేదు, మన ఇంట్లో ఫ్యాను చప్పుడు మనకు వినబడనట్టు. సుశీల చెయ్యి పోయిన రోజు నుంచి వినబడుతోంది. ఇక్కడే అయితే సరే అనుకోవచ్చు, ఇంట్లో కుక్కరు మూత కింద పడినా, బస్సు తలుపు మూసుకున్నా, పక్కింటివాళ్లు గేటు విసిరినా అదే. ధడ్. ఊపిరి గొంతులోనే నిలబడిపోతుంది, అరచేతులు తడిసిపోతాయి, ఇక చచ్చిపోతున్నానని గట్టిగా అనిపిస్తుంది. ఇప్పుడూ అనిపిస్తోంది. అనిపించనీ. పాదాలు ఎక్కడున్నాయి అంబికా, నేల మీద ఉన్నాయి. నేల గట్టిగా ఉందా, ఉంది. ఎదురుగా ఏముంది, నీళ్ల డబ్బా ఉంది, దాని పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు ఉంది, గ్లాసు అంచున ఎవరిదో పసుపు మరక ఉంది. వదిలావా ఊపిరి, వదిలాను. నేను లేచి వెళ్లిపోతానని కదా ప్రసాద్ నన్ను సరిగ్గా ఈ గోడకు ఆనించి కూర్చోబెట్టింది. రిసెప్షన్లో మెత్తటి సోఫాలు ఖాళీగానే ఉన్నాయి. లేవను.

పొద్దున గేటు దగ్గర ఎంత నెమ్మదిగా మాట్లాడాడు. "అంబిక గారూ, మీరు ట్రీట్‌మెంట్‌లో ఉన్నారు కదా, ఈ కండిషన్‌లో స్టేట్‌మెంట్ ఇస్తే మీకే ప్రాబ్లమ్. లాయర్ గారు మీ మెంటల్ హెల్త్ గురించి అడుగుతారు, అందరి ముందూ. అవసరమా ఇదంతా? లీవ్ ఇస్తాను, ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి." నేను కౌన్సెలింగ్‌కు వెళ్తున్నానని అతనికి ఎవరు చెప్పారు అంటే నేనే చెప్పాను. గురువారం సగం పూట సెలవు అడిగినప్పుడు కారణం దగ్గర అందరిలా జ్వరం అని రాయలేదు, కౌన్సెలింగ్ అని రాశాను. ఆ రాత్రి మా ఆయన దేవరాజ్ నెత్తి పట్టుకున్నాడు. "జొరమని రాసుంటే ఏం పోతాండె నీకి?" అన్నాడు. జ్వరమైతే జ్వరమని రాసేదాన్నే. నాకు జ్వరం రాలేదు. నా పక్కన నిలబడి పనిచేసే పిల్ల చెయ్యి నలిగిపోతే నాకు నిద్ర పట్టడం మానేసింది. దాన్ని జ్వరమని ఎందుకు పిలవాలి.

సుశీలది పావగడ వైపు పల్లె. నా పక్క ప్రెస్సు మీద ఉండేది, పెళ్లి కాలేదు, చెవులకు గుడ్డ కట్టుకుని పెదాలు కదుపుతూ ఏదో పాడుకునేది, ఆ చప్పుడులో ఏం పాడుతుందో ఎవరికీ వినబడదు కాబట్టి హాయిగా పాడుకునేది. చెయ్యి అచ్చు కిందికి వెళ్తే ప్రెస్సు తనంతట తానే ఆగిపోవాలి, దానికి సెన్సరు ఉంటుంది. సుశీల ప్రెస్సుకు సెన్సరు ఊరికే ఊరికే అడ్డుపడి మిషను ఆగుతోందని, అలా ఆగితే పీసులు తగ్గుతున్నాయని, ఎవరో ప్యానెల్ డబ్బా తెరిచి లోపల రెండు స్క్రూల మధ్య ఎర్ర వైరు ముక్క వేశారు. ఇక చెయ్యి పెట్టినా కాలు పెట్టినా మిషను ఆగదు, పైన పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. డబ్బా మూత సరిగా పడక తెరుచుకుని ఉంటే నేను చూశాను. చూసి షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పాను. ఇప్పుడు తలుపు అవతల మాట్లాడుతున్నాడే, అతనికే. "టార్గెట్ అయిపోనీ అమ్మా, తీపిస్తాము," అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం షిఫ్టులో రేకు ఇరుక్కుంది. సుశీల సరిచేయడానికి చెయ్యి పెట్టింది. దీపం పచ్చగా ఉంది కదా, ఆ పిల్ల దాన్ని నమ్మింది. ధడ్. అరుపు రాలేదు. అందరూ అరుపు వచ్చి ఉంటుందనుకుంటారు. సుశీల నా వైపు తిరిగి చూసింది, అంతే, నన్నేదో అడగబోతున్నట్టు. మిషను ఆపే ఎర్ర బటను కొట్టింది నేనే, నా దుపట్టా తీసి చుట్టింది నేనే, అంబులెన్సులో ఆ చుట్టును పట్టుకుని కూర్చున్నదీ నేనే. మరుసటి రోజుకు డబ్బాలో ఎర్ర వైరు లేదట. సెన్సరు బాగానే ఉంది, ఆ పిల్లే ఫోనులో మాట్లాడుతూ అజాగ్రత్తగా చెయ్యి పెట్టింది అంటున్నారు. ఆమె ఫోను ఆ రోజు లాకరులో ఉంది, షిఫ్టులో అందరి ఫోన్లూ లాకర్లలోనే ఉంటాయి.

అందుకే నేను పిచ్చిదాన్ని కావాలి వీళ్లకు. వైరు చూసిన మనిషి పిచ్చిదైతే వైరే లేదు.

మొదట గుండె జబ్బు అనుకున్నాను. ఈఎస్‌ఐ డాక్టరమ్మ ఈసీజీ తీయించి, కాగితం నా వైపు తిప్పి, గుండె బంగారంలా ఉందమ్మా అంది. మరి ఊపిరెందుకు ఆగుతోంది అంటే ఏం చూశావు, ఎప్పుడు చూశావు అని అడిగి, మాత్రలు రాయకుండా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చోటు పేరు రాసిచ్చింది. ఆ సంగతి తెలియకుండానే ప్రసాద్ కూడా కౌన్సెలరును పిలిపించాడు, కంపెనీ తరఫున, అద్దాల గదిలో. బయట పోయేవాళ్లంతా తొంగి చూస్తుండగా ఆ పెద్దమనిషి ల్యాప్‌టాపు తెరిచి, "మనసులో ఉన్నదంతా చెప్పమ్మా" అన్నాడు. నేను చెప్పేది ఎక్కడికి పోతుంది అని అడిగాను. "హెచ్‌ఆర్‌కు రిపోర్టు ఇస్తాను, నీ మంచికే," అన్నాడు. లేచి వచ్చేశాను. అలా లేవచ్చని ఎవరూ చెప్పలేదు నాకు, కాళ్లే లేచాయి. ఆ తర్వాత తెలిసింది, నేను అడిగినదే మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అని.

హెచ్‌ఎస్‌ఆర్‌లో మెట్లెక్కుతూ ఎన్ని ఊహించుకున్నానో. పడుకోబెడతారనుకున్నాను, కళ్లలోకి చూస్తూ నిద్రపుచ్చుతారనుకున్నాను, ఎవరో అరుస్తూ ఉంటారనుకున్నాను. వరండాలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు, పెద్దావిడ ఒకామె సంచిలోంచి బటాణీలు తీసి ఒలుచుకుంటోంది. ఏ బ్యాంకులోనైనా ఇలాగే ఉంటారు. గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ, కాగితం రుమాళ్ల డబ్బా. ఆ డబ్బాను చూడగానే ఒళ్లు మండింది. నేను ఏడవను అన్నాను, ఇంకా కూర్చోకుండానే. "ఏడవాలని ఏమీ లేదు," అంది మేఘన. నాకంటే చిన్నది, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, ఆమే అక్కడి కౌన్సెలరు. కన్నడంలో మొదలుపెట్టి, నా మాట విని, "యే భాషలో అయితే మీకు బాగుంటాది?" అని అడిగింది. వాళ్లమ్మది కోలారట. కోపం నాకు తెలుగులోనే వస్తాది అన్నాను. "అయితే తెలుగులోనే మాట్లాడదాం," అంది.

ఆమె మొదట నా కథ అడగలేదు. ఆమె సంగతే చెప్పింది. ఏం చదివిందో, ఏం చేయగలదో, ఏం చేయలేదో. మాత్రలు ఇవ్వదట, కావాల్సి వస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతుందట. "ఒక్క రోజులో తగ్గేది కాదు. నాతో మీకు సరిపడకపోతే చెప్పండి, బేజారు పడను, ఇంకొకరిని చూపిస్తాను," అంది. నేను కంపెనీ మనిషిని అడిగినదే ఆమెనూ అడిగాను. "మీరు చెప్పేది ఈ గది దాటి పోదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో అపాయం ఉండాదని నాకు అనిపిస్తే, లేదా కోర్టు అడిగితే, అప్పుడు మాత్రమే. అది గూడా మీకు చెప్పే చేస్తాను."

"మా కంపెనీ అడిగితే?"

"మీరు ఒప్పుకోకుండా మీరిక్కడికి వస్తా ఉండారని గూడా చెప్పను."

అప్పుడు కూర్చున్నాను. నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. తర్వాత గొంతు ఏమాత్రం మార్చకుండా, "చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగింది. అంత నేరుగా. మా ఇంట్లో ఆ మాట నోట్లోంచి వస్తే మూడు గదులు నిశ్శబ్దం అయిపోతాయి. లేదు అన్నాను, నిజంగానే లేదు, కానీ చంపాలని అనిపించింది అన్నాను. ఎవరిని అని అడిగింది. షిఫ్టు ఇన్‌ఛార్జిని. అలా చేసే ఆలోచన ఉందా అని అదే గొంతుతో అడిగింది. లేదమ్మా, నాకు కోపం, అంతే అన్నాను. తల ఊపింది. కోపం తప్పు అనలేదు. మా అత్త అంది, వదిన అంది, దేవరాజ్ అన్నాడు, కోపం తగ్గించుకో అంతా సర్దుకుంటుంది అని. ఈమె అనలేదు. నాకు పిచ్చా అని అడిగితే, మొదటి రోజే పేరు పెట్టనంది. ఒళ్లు ఒక అపాయాన్ని చూసింది, అది అయిపోయిందని ఒంటికి ఇంకా తెలియలేదు, అందుకే కాపలా కాస్తోంది అంది. పోయేముందు పాదాలు నేలకు ఆనించి, చుట్టూ కనబడేవాటి పేర్లు చెప్పుకోమని నేర్పింది. ఇంతేనా, దీనికా నేను రెండు బస్సులు మారి వచ్చింది అన్నాను. "ఇంతే ఈ రోజుకి," అంది నవ్వి. కోపమొచ్చింది. పాదాలట.

ఆ వారం పాదాలు ఏ పనీ చేయలేదు. నిద్ర ఇంకా చెడిపోయింది, సుశీల రోజూ కలలోకొచ్చి నా వైపు తిరిగింది. రెండో గురువారం పోట్లాడటానికే వెళ్లాను. మీ దగ్గరికి వచ్చి ఎక్కువైంది, మూసి పెట్టినదాన్ని కదిలించి పంపించారు అన్నాను, గొంతు లేచింది, బయట బటాణీలావిడకు కూడా వినబడి ఉంటుంది. మేఘన సర్దిచెప్పబోలేదు. "మొదట్లో కొందరికి అట్లా ఎక్కువ అవుతాది. పోయిన వారం అది నేను గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది," అంది. ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు పనిచేశాను, తప్పు నాది అన్న మాట పైవాళ్ల నోట ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ఏడ్చాను. డబ్బాలో కాగితాలు తీసుకోలేదు, నా కొంగుతోనే తుడుచుకున్నాను.

ధడ్. ఉన్నానమ్మా, నేల మీదే ఉన్నాను. గ్లాసు ఉంది, మరక ఉంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, నవ్వు కూడా, ఎవరిదో. నవ్వుకోండి.

దేవరాజ్‌ది చెడ్డ మనసు కాదు. ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీలకు క్యాబు నడుపుతాడు, తెల్లారి నాలుక్కి లేస్తాడు, నాకు ఉద్యోగం పోతుందని భయం, నలుగురూ నవ్వుతారని భయం. మొదటి వారం రానే రానన్నాడు. రెండో వారం దింపి, కిందనే బండిలో పడుకున్నాడు. మూడో వారం పైకి వచ్చి వరండాలో కూర్చుని, అక్కడా నిద్రపోయాడు. ఇంటికి వస్తూ అడిగాడు, "అంతసేపు ఏం మాట్లాడతారప్పా మీరు?" అని.

"నువ్వు అడగనివి మాట్లాడతాము," అన్నాను.

సిల్క్ బోర్డు వచ్చింది. అక్కడ ట్రాఫిక్‌లో బండి నిలిచిపోయాక, ముందుకే చూస్తూ, "ఆ పిల్ల నీ దిక్కు చూసింది అని నిద్రలో అంటా ఉండావు. ఎట్ల చూసింది?" అన్నాడు. చెప్పాను. మొదటిసారి ఇంట్లో మనిషికి చెప్పాను. వెనకనుంచి హారన్లు కొడుతున్నా అతను గేరు వేయలేదు. ఈ రోజు పొద్దున మాత్రం మళ్లీ వద్దన్నాడు. "ఆ పిల్లకి బాగైతే సాలు, నువ్వెందుకు అందరి నోళ్లలో పడతావు," అన్నాడు. పడతాను అన్నాను. అయినా తనే తెచ్చి గేటు దగ్గర దింపాడు.

జరిగినదంతా మేఘనకు ఒకేసారి చెప్పలేదు. ఒక్కో గురువారం కొంచెం. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపమంది, ఆపాను. రేకు ఇరుక్కున్న దాకా ఒకరోజు, ఎర్ర బటను దాకా ఒకరోజు. అలా చెబుతుండగా ఒక సంగతి తెలిసింది నాకు, నా జ్ఞాపకంలో ఎక్కడా మసక లేదు. వైరు ఎరుపు, స్క్రూలు పైనుంచి రెండోదీ మూడోదీ, మూత ఎడమ మూల వంగి ఉంది. వణికేది ఒళ్లు, వైరు కాదు. పోయిన గురువారం అడిగాను, విచారణకు పోనా వద్దా అని. ఆమె చెప్పనంది. "నేను పో అంటే నా కోసం పోతారు, వద్దంటే నా మాట మీద ఆగిపోతారు. అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. చూసింది మీరు. పోతే ఏం కావచ్చో, పోకుంటే ఏం కావచ్చో, రెండూ ఇక్కడ కూర్చోని చూద్దాం, రండి," అంది. ఒక్కసారి పో అని ఉంటే ఆమె సొమ్మేం పోయేది, అని బస్సులో తిట్టుకున్నాను. బస్సు దిగేలోపు తెలిసింది, నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను, ఎవరైనా వద్దంటే పోట్లాడదామని మాత్రమే అడిగాను.

తలుపు తెరుచుకుంది. షిఫ్టు ఇన్‌ఛార్జి నా వైపు చూడకుండా పోయాడు. అంబిక ఎవరు అని పిలిచారు. నేనే అన్నాను.

ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, కన్నడంలో అడిగాడు, కన్నడంలో చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, వైరు, దీపం, రేకు. మధ్యలో ఒకచోట ఆగాను. నీళ్లు తాగి మళ్లీ చెప్పాను. ఆగడం మేఘన గదిలో నేర్చుకున్నదే, ఆగితే ఓడిపోయినట్టు కాదని. అప్పుడు లాయరు ముందుకు వంగాడు. తెలుగాయనే. "ఏమ్మా, మీరు మానసిక చికిత్స తీసుకుంటున్నారట, నిజమేనా?" అన్నాడు. ప్రసాద్ టేబులు మీద పెన్ను తిప్పుతున్నాడు.

"అవును సార్. గురువారాలు పోతా ఉండాను. వచ్చే గురువారం గూడా పోతాను."

"నిద్ర పట్టదు, ఏవో చప్పుళ్లు వినిపిస్తుంటాయి, అంతేనా?"

"చప్పుళ్లు ఉండేవే సార్. ఇప్పుడు మీకీ వినబడతా ఉండాది."

గోడ అవతల ప్రెస్సు కొట్టింది. లాయరు కళ్లు ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి. నేను చూశాను, ఇన్‌స్పెక్టరూ చూశాడు. కోపం తెలుగులోనే వచ్చింది, కానీ గొంతు లేవలేదు, ఎక్కడి మాట అక్కడ నిలబడి వచ్చింది. "పక్కనుండే పిల్ల చెయ్యి అట్లా నలిగిపోయినాక ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టుంటే, అప్పుడు అడగండి సార్, ఈమెకి ఏమైనా అయిందా అని. అవును, నాకి అయింది. మనిషికి అయ్యేదే అయింది. దానికి కౌన్సెలింగ్ తీసుకుంటా ఉండాను. వైరుకి ఏమైందో అది వీళ్లని అడగండి."

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, ఆ ప్యానెల్ ఎక్కడుందో బొమ్మ గీసి చూపిస్తే చాలు, షాపులోకి రావడం కష్టమైతే రానక్కర్లేదు అన్నాడు. మంచిగానే అన్నాడు. ప్రసాద్ గబగబా అందుకుని, "ఔను ఔను, ఆమెకు స్ట్రెస్ అవుతుంది, మేము చూపిస్తాం," అన్నాడు. నేను అప్పటికే లేచాను. వస్తాను సార్ అన్నాను.

ఆ రోజు తర్వాత నన్ను ప్యాకింగులో వేశారు, షాపులో అడుగుపెట్టడం ఇదే. నూనె వాసన ముందు తగిలింది. ఊపిరి ఆగింది, తిరిగి వచ్చింది, మళ్లీ ఆగింది. మిషన్ల మీది ఆడవాళ్లు తల తిప్పి చూశారు, ఒకరి తర్వాత ఒకరు పని ఆపి చేతులు వెనక్కి తీసుకున్నారు. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుంది, కళ్ల ముందు ఒక క్షణం చీకటయింది, నిలబడ్డాను, పోయింది, నడిచాను. సుశీల ప్రెస్సు మీద ఇప్పుడు ఇంకొక పిల్ల ఉంది, నన్ను చూసి పక్కకు జరిగింది. ప్యానెల్ డబ్బాకు కొత్త రంగు వేశారు. తెరవమన్నాను. తాళంచెవి లేదన్నారు, నేను ఇన్‌స్పెక్టరు వైపు చూశాక తాళంచెవి దొరికింది. లోపల వైర్లన్నీ వరసగా ఉన్నాయి, ఎర్ర వైరు లేదు. కానీ మిగతా స్క్రూలన్నీ దుమ్ముతో నల్లబడి ఉన్నాయి, పైనుంచి రెండోదీ మూడోదీ మాత్రం ఎవరో నిన్న మొన్న విప్పినట్టు గీతలు పడి మెరుస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి, ఎక్కడమ్మా అన్నాడు. చెయ్యి చాపాను. మోచేతి నుంచి గోరు దాకా ఒకటే వణుకు, నా వెనక ప్రసాద్ చూస్తున్నాడు, లాయరు చూస్తున్నాడు. దాన్ని దాచుకోలేదు, రెండో చేత్తో పట్టుకోలేదు. వేలు వణుకుతూనే ఉంది, సరైన చోటే చూపించింది.